ముందు గాలి, చివర గ్యాస్: ఇంట్లో ఏసీ, హీటింగ్ నిర్వహణకు, మార్పిడికి సమగ్ర మార్గదర్శి

ఏసీ చల్లగా రావట్లేదనగానే చాలామంది నోట వచ్చే మొదటి మాట "గ్యాస్ అయిపోయినట్టుంది". తప్పు అక్కడే మొదలవుతుంది. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. రాగి గొట్టాల్లో బిగించి ఉన్న అదే గ్యాస్ యంత్రం ఉన్నన్నాళ్లూ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. చల్లదనం పడిపోవడానికి చాలాసార్లు కారణం అంతకంటే చిన్నది: దుమ్ము పట్టి గాలి ఆడకపోవడం. అందుకే ఇక్కడ ఒక వరుస పెట్టుకున్నాం. ముందు గాలి, తర్వాత నీరు, ఆపైన కరెంటు, చివరికి గ్యాస్. యంత్రం మార్చేటప్పుడూ అదే పద్ధతి: ముందు ఇల్లు చూడండి, తర్వాత యంత్రం.

యంత్రం చేసే పని ఒక్కటే

ఏసీ చలిని పుట్టించదు. గదిలోని వేడిని ఎత్తుకెళ్లి బయట పారబోస్తుంది. లోపలి కాయిల్‌లో ద్రవం ఆవిరవుతూ గది గాలిలోని వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి ఇంకా వేడెక్కిస్తుంది. బయటి కాయిల్‌లో అది వేడిని వదిలి మళ్లీ ద్రవమవుతుంది. హాట్ అండ్ కోల్డ్ రకంలో నాలుగు దారుల వాల్వ్ ఒకటి ఈ ప్రవాహాన్ని తిప్పేస్తుంది. అప్పుడు బయటి గాలిలోని వేడి లోపలికి వస్తుంది. ఎటు తిరిగినా రెండు కాయిళ్ల మీదుగానూ గాలి ధారాళంగా సాగాలి. ఒకచోట అడ్డు పడితే రెండోచోటా పని చెడుతుంది.

పని మొదలుపెట్టే ముందు కొలవండి

శుభ్రం చేశాక "బాగానే ఉన్నట్టుంది" అనుకోవడం కొలత కాదు. వంటింట్లో వాడే డిజిటల్ థర్మామీటర్ ఒకటి చాలు.

1. తలుపులు, కిటికీలు మూసి, ఏసీని కూల్ మోడ్‌లో 16 లేదా 18 డిగ్రీలకు పెట్టి, ఫ్యాన్‌ను అన్నింటికంటే ఎక్కువ వేగంలో ఉంచండి. 24 దగ్గర పెడితే ఇన్వర్టర్ యంత్రం (కంప్రెసర్ వేగాన్ని తగ్గించుకోగల రకం) గది చల్లబడగానే తనంతట తానే నెమ్మదిస్తుంది, కొలత తప్పుతుంది.
2. 15 నిమిషాలు నడవనివ్వండి.
3. ఇండోర్ యూనిట్ పైన గాలి లోపలికి పోయే చోట ఒకసారి, కింద చల్లగాలి వచ్చే చోట ఒకసారి ఉష్ణోగ్రత చూడండి.

తేడా సాధారణంగా 8 నుంచి 12 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. 28 డిగ్రీల గాలి లోపలికి పోయి 17 దగ్గర బయటికి వస్తుంటే యంత్రం ఆరోగ్యంగా ఉన్నట్టే. తేడా 14 దాటి, వచ్చే గాలి మాత్రం బలహీనంగా ఉంటే సంతోషించకండి. లోపలి కాయిల్ మీదుగా గాలి తక్కువ పోతోందని దాని అర్థం. 8 కంటే తక్కువుంటే బయటి కాయిల్ మురికి, గ్యాస్ లీకు, కంప్రెసర్ లోపం వంటివి అనుమానించాలి. గాలిలో తేమ బాగా ఎక్కువున్న రోజున తేడా కాస్త తగ్గడం మామూలే, ఎందుకంటే యంత్రం శక్తిలో చాలాభాగం ఆ తేమను నీరుగా మార్చడానికే పోతుంది. కొలతను తేదీతో సహా ఒక కాగితం మీద రాసి ఉంచండి. వచ్చే ఏడాది దానితోనే పోల్చుకోవాలి.

గాలి: ఎక్కువ శ్రద్ధ ఇక్కడే పెట్టండి

ఏ శుభ్రత పనికైనా ముందు రిమోట్‌తో ఆపడం చాలదు. ఎంసీబీ (ఏసీకి కరెంటు ఇచ్చే బ్రేకర్ స్విచ్చి) దించాలి లేదా ప్లగ్ తీయాలి.

ఫిల్టర్‌ను వాడకం ఎక్కువున్న రోజుల్లో రెండు వారాలకోసారి, మిగతా రోజుల్లో నెలకోసారి కడగాలి. దుమ్ము పట్టిన వైపు పైకి ఉంచి కడిగితే దుమ్ము జాలీలోకి మరింత ఇరుక్కుంటుంది. వెనుకవైపు నుంచి నీళ్లు పోస్తే వచ్చిన దారినే పోతుంది. గోరువెచ్చని నీరు చాలు, 40 డిగ్రీలు దాటితే ప్లాస్టిక్ ఫ్రేము వంకరపోతుంది. నీడలో పూర్తిగా ఆరాకే పెట్టండి. తడి ఫిల్టర్ పెడితే ముక్క వాసన మొదలవుతుంది. నల్లటి కార్బన్ ఫిల్టర్లు, సన్నటి దుమ్ము పట్టే ఫిల్టర్లు చాలావరకు కడిగేవి కావు, గడువు తీరాక మార్చేవి.

ఫిల్టర్ శుభ్రంగా ఉన్నా గాలి రావట్లేదంటే అసలు దొంగ బ్లోయర్. ఇండోర్ యూనిట్ కింద రెక్కలను తెరిచి టార్చ్ వేసి చూడండి. పొడవాటి గొట్టంలాంటి చక్రం, దాని చుట్టూ వంపు తిరిగిన సన్నటి బ్లేడ్లు కనిపిస్తాయి. ఆ వంపుల్లో రెండు మూడు మిల్లీమీటర్ల దుమ్ము పేరుకుంటే చక్రం అదే వేగంతో తిరుగుతున్నా గాలిని పట్టి విసరలేదు. చాలా సర్వీసుల్లో వదిలేసే భాగం ఇదే. సర్వీసుకు వచ్చినవారిని "బ్లోయర్ కడుగుతారా?" అని ముందే అడగండి.

లోపలి కాయిల్ కడిగే వరుస ఇది:

1. ముందు కవర్, ఫిల్టర్లు తీసి, యూనిట్ కింద నీళ్లు పట్టే సర్వీస్ బ్యాగ్ కట్టండి.
2. సర్క్యూట్ బోర్డు, మోటారు ఉన్న వైపును ప్లాస్టిక్ షీటుతో గట్టిగా కప్పండి. ఇది మరిచి నీళ్లు కొడితే కాయిల్ శుభ్రమవుతుంది గానీ బోర్డు పోతుంది.
3. మెత్తటి బ్రష్‌తో పొడి దుమ్మును పై నుంచి కిందికి, కాయిల్ మీది సన్నటి రెక్కల దిశలోనే దులపండి. అడ్డంగా రుద్దితే అల్యూమినియం రెక్కలు వంగిపోతాయి.
4. ఆమ్లం లేని కాయిల్ క్లీనర్ కొట్టి, డబ్బా మీద చెప్పినంతసేపు ఉంచండి. బాత్రూం కడిగే యాసిడ్ ఎంత పల్చగా కలిపినా ఇక్కడ పనికిరాదు, అల్యూమినియంను తినేస్తుంది.
5. తక్కువ ఒత్తిడితో మంచినీళ్లు కొట్టి నురుగంతా పోగొట్టండి. నీళ్లు డ్రెయిన్ పైపు గుండా సాఫీగా పోతున్నాయా అన్నది కూడా ఇప్పుడే తెలిసిపోతుంది.
6. పూర్తిగా ఆరాక అరగంట ఫ్యాన్ మోడ్‌లో నడపండి.

అవుట్‌డోర్ యూనిట్‌కు ఏడాదికి రెండుసార్లు నీటి పైపుతో స్నానం చేయిస్తే చాలు. రోడ్డు పక్కనో, బట్టల దూది ఎగిరే చోటో ఉంటే మూడు నెలలకోసారి. గాలి వెనుక నుంచి కాయిల్ గుండా వచ్చి ముందున్న ఫ్యాన్ నుంచి బయటికి పోతుంది కాబట్టి మురికి వెనుకవైపే పేరుకుంటుంది. ముందు నుంచి చూసి శుభ్రంగా ఉందనుకోకండి. కారు కడిగే ప్రెషర్ వాషర్ వద్దు. వంగిన రెక్కలను ఫిన్ దువ్వెనతో సరిచేయవచ్చు. యూనిట్ వెనుక గోడకు కనీసం 30 సెంటీమీటర్ల ఖాళీ ఉంచితే మేలు, ముందువైపు ఏ అడ్డూ ఉండకూడదు. అందం కోసం చుట్టూ దగ్గరగా జాలీ కట్టిస్తే తను వదిలిన వేడిగాలినే అది మళ్లీ పీలుస్తుంది. ఎండ పడకుండా పైన గొడుగు వేయడం మంచిదే, దగ్గరగా పెట్టెలా మూసేయడం మాత్రం చేటు.

కాయిల్ మీద మంచు కట్టిందా? కత్తితో గీకకండి, గొట్టానికి చిల్లు పడుతుంది. కూలింగ్ ఆపి ఫ్యాన్ మాత్రమే గంటా రెండు గంటలు నడపండి. కరిగాక ఫిల్టర్, బ్లోయర్ శుభ్రం చేసి మళ్లీ చూడండి. కాయిల్ అంతటా సమంగా మంచు పడితే దాదాపు ఎప్పుడూ గాలి కొరతే. గ్యాస్ లోపలికి వచ్చే చోట, సన్న గొట్టం చివర మాత్రమే పడి మిగతా కాయిల్ పొడిగా ఉంటే గ్యాస్ తగ్గిందని అనుమానించవచ్చు.

నీరు

లోపల నీళ్లు కారడానికి చాలాసార్లు డ్రెయిన్ దారే కారణం. ట్రేలో చేరిన దుమ్ము తడిసి, నాచు పట్టి, జిగురులా మారి పైపు మూతి మూసేస్తుంది. బయటి చివర వెట్ వ్యాక్యూమ్ (నీళ్లు కూడా పీల్చే వ్యాక్యూమ్ క్లీనర్) పెట్టి, చుట్టూ గుడ్డ బిగించి ఒక నిమిషం లాగితే చాలావరకు ఊడొస్తుంది. ఆ తర్వాత ట్రేలో ఒక గ్లాసు నీళ్లు మెల్లగా పోసి, అవన్నీ బయటికి వచ్చాయో లేదో చూడండి. బ్లీచింగ్ ద్రావణం మాత్రం ట్రేలో పోయకండి, దాని ఆవిరి లోహాన్ని కొరుకుతుంది.

పైపు శుభ్రంగా ఉన్నా కారుతుంటే వాలు చూడాలి. మీటరు పొడవుకు కనీసం ఒక సెంటీమీటరు కిందికి దిగాలి. మధ్యలో పాములా పైకి లేచి దిగితే ఆ మెలికలో నీరు నిలుస్తుంది. కింద బకెట్ పెట్టేవాళ్లు పైపు చివర నీళ్లలో మునగకుండా చూసుకోవాలి, మునిగితే గాలి అడ్డుపడి నీరు వెనక్కి తంతుంది. ఇంకో కారణం గోడలో ఉంటుంది: రాగి గొట్టం మీది నల్లటి ఇన్సులేషన్ ఎక్కడైనా చిరిగితే అక్కడ గాలిలోని తేమ చెమటలా పట్టి గోడ తడుస్తుంది. అప్పుడు డ్రెయిన్ ఎన్నిసార్లు ఊదినా లాభముండదు.

కరెంటు

230 వోల్టుల సరఫరాలో టన్నున్నర ఏసీ పూర్తి వేగంలో దాదాపు 7, 8 ఆంపియర్లు లాగుతుంది. దానికి విడిగా ఒక సర్క్యూట్, తగిన మందం రాగి తీగ, సరైన ఎర్తింగ్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఏసీ నడపడం నిప్పుతో చెలగాటమే. పావుగంట నడిచాక ప్లగ్‌ను తాకి చూడండి. చేయి ఆనించలేనంత వేడిగా ఉంటే, సాకెట్ చుట్టూ గోధుమరంగు మచ్చ పడితే లోపల కాంటాక్టు వదులైంది. సాకెట్, ప్లగ్ రెండూ మార్చాలి. కాలిన సాకెట్లో కొత్త ప్లగ్ పెడితే అదీ కాలిపోతుంది.

పాత రకం ఫిక్స్‌డ్ స్పీడ్ యంత్రంలో (కంప్రెసర్ ఒకే వేగంతో తిరిగే రకం) ఎక్కువగా పోయే భాగం మోటార్లు తిరగడానికి తోడ్పడే కెపాసిటర్. బయటి ఫ్యాన్ మూలుగుతూ తిరగకపోవడం, కంప్రెసర్ "మ్మ్" అని నాలుగైదు సెకన్లకు ఆగిపోవడం దాని లక్షణాలు. పైన ఉబ్బి ఉంటే కొలవకుండానే మార్చండి. లేదంటే మైక్రోఫారడ్లు కొలిచే మీటరుతో చూడాలి. 36 అని, ప్లస్ ఆర్ మైనస్ 5 శాతమని రాసి ఉంటే 34.2 నుంచి 37.8 మధ్య రావాలి. కొత్తదానికి మైక్రోఫారడ్ విలువ అదే ఉండాలి, వోల్టేజి రేటింగ్ అంతే గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి. కరెంటు తీశాక కూడా కెపాసిటర్‌లో విద్యుత్తు నిలిచి ఉంటుంది. ఇన్వర్టర్ బోర్డు మీదైతే 300 వోల్టులకు పైగానే ఉండి, చాలా నిమిషాలు దిగదు. దాన్ని డిశ్చార్జ్ చేయడం తెలియనివారు ఆ మూత తెరవకూడదు.

గ్యాస్: మీరు చేయకూడదు, కానీ తెలిసి ఉండాలి

ఈ పని శిక్షణ ఉన్న టెక్నీషియన్‌దే. అయితే సరిగ్గా చేస్తున్నారా లేదా అన్నది పక్కన నిలబడి గుర్తించగలగాలి.

యంత్రం ఆపి ఉండగా గేజ్ పెట్టి "ప్రెషర్ బాగుంది" అన్నా, "తక్కువుంది" అన్నా నమ్మకండి. లోపల కొంచెమైనా ద్రవం మిగిలి ఉన్నంతవరకు ఆగి ఉన్న యంత్రపు పీడనం చెప్పేది ఉష్ణోగ్రతనే, గ్యాస్ ఎంతుందో కాదు. పూర్తి వేగంలో నడుస్తున్నప్పుడు పీడనం, గొట్టాల ఉష్ణోగ్రత, గాలి తేడా, ఆంపియర్లు కలిపి చూస్తేనే లెక్క తేలుతుంది. ఆర్-22 గ్యాస్ నడుస్తూ సక్షన్ వైపు (గ్యాస్ కంప్రెసర్‌లోకి తిరిగొచ్చే వైపు) 60 నుంచి 70 పీఎస్ఐ (పీడనపు కొలత) చూపిస్తే, ఆర్-410ఏ సుమారు 110 నుంచి 130 చూపిస్తుంది. ఆర్-32 కూడా దాదాపు దానికి దగ్గరే. అందుకే ఒక గ్యాస్ యంత్రంలో మరొకటి నింపడం కుదరదు. కంప్రెసర్ నూనె కూడా వేరు: ఆర్-22కు మినరల్ ఆయిల్, మిగతా రెండింటికి సింథటిక్.

లీకు ఉందని తేలాక పని ఈ వరుసలో సాగాలి:

1. మిగిలిన గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా సిలిండర్‌లోకి తీసుకోవడం. వందేళ్ల లెక్కన ఒక కిలో ఆర్-410ఏ దాదాపు 2,088 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. ఆర్-32 అయితే 675.
2. పొడి నైట్రోజన్ నింపి, యూనిట్‌కు అతికించిన వివరాల ప్లేటు మీద రాసిన పరీక్ష పీడనం మించకుండా, జాయింట్ల దగ్గర సబ్బు నురుగుతో లీకు వెతకడం. మొదట చూడాల్సింది ఫ్లేర్ నట్లు (గొట్టం చివరను వెడల్పు చేసి యూనిట్‌కు బిగించే నట్లు), వాటి దగ్గర నూనె మరకలు. నైట్రోజన్ బదులు ఆక్సిజన్ వాడితే నూనె తగిలి పేలుడు జరుగుతుంది. ఆక్సిజన్ సిలిండర్ తెస్తే పని ఆపించండి.
3. లీకు బాగుచేయడం. ఫ్లేర్ మళ్లీ తీస్తే టార్క్ రెంచ్‌తో బిగించాలి: పావు అంగుళం నట్‌కు 14 నుంచి 18, మూడెనిమిదో వంతు అంగుళం నట్‌కు 34 నుంచి 42 న్యూటన్ మీటర్లు. మరీ బిగిస్తే రాగి పలచబడి చీలుతుంది.
4. గొట్టాల్లోని గాలిని, తేమను లాగేసే వ్యాక్యూమ్ పంప్‌తో 500 మైక్రాన్ల (లోపల మిగిలిన పీడనపు కొలత) కంటే కిందికి దించి, పంప్ కట్టేసి పది నిమిషాలు చూడటం. అంకె వెయ్యి దాటి ఎక్కుతూ పోతే లీకో, తేమో ఇంకా ఉన్నట్టే. మామూలు ముల్లు గేజ్ ఈ తేడా చూపించలేదు, డిజిటల్ మైక్రాన్ గేజ్ కావాలి.
5. ప్లేటు మీద ఎన్ని గ్రాములని ఉందో అంతా తూకం వేసి నింపడం. గొట్టం పొడవు పెరిగితే మాన్యువల్ చెప్పినంత అదనంగా కలపాలి.

లీకు వెతకకుండా గ్యాస్ మాత్రం కొట్టి వెళ్లిపోయే సర్వీసుకు మళ్లీ ఏడాది తిరక్కుండా డబ్బు కట్టాల్సి వస్తుంది. ఎక్కువ నింపినా కీడే. ద్రవం కంప్రెసర్‌లోకి చేరి వాల్వులను విరగ్గొడుతుంది. ఆర్-32 కొద్దిగా మండే గుణమున్నది, ఆర్-290 అంటే ప్రొపేనే. ఆ గది కిటికీలు తెరిచి ఉంచాలి, గొట్టంలో గ్యాస్ ఉండగా మంట వెలిగించకూడదు.

చలికాలపు పని

హీట్ మోడ్‌లో నడిచే ఏసీ ఒక యూనిట్ కరెంటుతో, బయట మరీ చలి లేనప్పుడు, మూడు యూనిట్ల వేడి తెస్తుంది. కాయిల్ హీటర్, ఫ్యాన్ హీటర్, ఆయిల్ హీటర్ ఏదైనా ఒక యూనిట్‌కు ఒక యూనిటే. 1,500 వాట్ల హీటర్ ఎంత ఖరీదైనదైనా ఇచ్చేది 1,500 వాట్ల వేడే. తడి చలిలో బయటి కాయిల్ మీద మంచు పేరుకుంటుంది. యంత్రం కొన్ని నిమిషాలు తిరగబడి దాన్ని కరిగిస్తుంది. అప్పుడు లోపలి ఫ్యాన్ ఆగడం, బయట ఆవిరి లేవడం చూసి కంగారు పడనక్కర్లేదు. కరగకుండా మందపాటి మంచుగడ్డలా మిగిలిపోతేనే లోపం. కరిగిన నీరు పోయే దారి, కింద ఖాళీ ఉండేలా చూసుకోండి.

గ్యాస్ ఫర్నేస్ లేదా బాయిలర్ ఉన్న ఇళ్లలో ఏడాదికోసారి నిపుణుల తనిఖీ తప్పనిసరి. మంట నీలంగా ఉండాలి. పసుపు, నారింజ రంగు కలిసి ఊగుతుంటే గ్యాస్ సరిగ్గా కాలడం లేదు, కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం. దానికి వాసన, రంగు ఉండవు కాబట్టి పడకగదుల దగ్గర అలారం పెట్టి నెలకోసారి బటన్ నొక్కి పరీక్షించండి. గదులకు గాలిని మోసే డక్టుల్లో చీలికలకు గుడ్డ టేపు పనికిరాదు, వేడికి జిగురు వదిలేస్తుంది. మాస్టిక్ (పూసే సీలింగ్ ముద్ద) గానీ, అల్యూమినియం ఫాయిల్ టేపు గానీ వాడండి. ఫిల్టర్ విషయంలో ఎక్కువ మెర్వ్ అంకె (ఎంత సన్నటి దుమ్మును పడుతుందో చెప్పే కొలత) ఎప్పుడూ మంచిదని కాదు. 8 కోసం చేసిన యంత్రంలో 13 పెడితే గాలి బిగుసుకుపోవచ్చు. నీటి రేడియేటర్ పైన చల్లగా, కింద వేడిగా ఉంటే లోపల గాలి చేరింది: వ్యవస్థ ఆపి, చల్లారాక, కీతో స్క్రూను అర మలుపు తిప్పి, నీటి చుక్క కనపడగానే మూసేయండి. ఆ తర్వాత పీడనం 1 నుంచి 1.5 బార్ మధ్య ఉందో లేదో చూడండి. కింద చల్లగా ఉంటే అది గాలి కాదు, అడుగున చేరిన బురద. దాన్ని ఫ్లష్ చేయించాలి.

మార్చాలనుకుంటే: ముందు ఇల్లు

ఒక లెక్క చూడండి. పై అంతస్తులో 14 చదరపు మీటర్ల గది, పైన 150 మిల్లీమీటర్ల కాంక్రీటు శ్లాబు. ఆ శ్లాబు ప్రతి చదరపు మీటరు గుండా, ప్రతి డిగ్రీ తేడాకు సుమారు 3.3 వాట్ల వేడి దిగుతుంది. శ్లాబు పైకీ, గదికీ సగటున 20 డిగ్రీల తేడా ఉందనుకుంటే 14 గుణించు 3.3 గుణించు 20, అంటే దాదాపు 920 వాట్లు. శ్లాబు పైన 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ బోర్డు (వేడిని ఆపే గట్టి ఫోమ్ పలక) వేసి నీరు దిగకుండా కప్పితే 3.3 కాస్తా సుమారు 0.5 అవుతుంది, వేడి 140 వాట్లకు పడిపోతుంది. ఆదా అయిన 780 వాట్లు టన్నులో ఐదో వంతు కంటే ఎక్కువే (ఒక టన్ను అంటే 3,517 వాట్లు). అదీ యంత్రం లేకుండా, రాత్రీ పగలూ. బోర్డు లోపలివైపు సీలింగ్‌కు కాకుండా శ్లాబు పైనే వేయించండి. లేదంటే ఎండంతా శ్లాబు తాగి రాత్రికి వదులుతుంది.

తర్వాత పడమటి కిటికీ. నేరుగా ఎండ పడే 2 చదరపు మీటర్ల మామూలు గాజు వేయి వాట్ల దాకా లోపలికి పంపగలదు. పరదా లోపల వేస్తే అప్పటికే వేడి గదిలోకి వచ్చేసింది. బయట సన్‌షేడో, చాపో, వెదురు తెరో వేస్తే గాజును తాకకముందే ఆగుతుంది. తలుపు కింద సందుకు బ్రష్ పట్టీ, కిటికీ చట్రాలకు రబ్బరు పట్టీ కూడా ఈ దశలోనే.

యంత్రం సైజు అంతా అయ్యాక లెక్కవేయాలి. "ఎందుకైనా మంచిది, పెద్దది తీసుకుందాం" అన్న మాటకు లొంగకండి. పెద్ద యంత్రం గదిని చప్పున చల్లబరిచి ఆగిపోతుంది, తేమ తీసేంతసేపు నడవదు. గది చల్లగా, జిగటగా ఉంటుంది. ఇన్వర్టర్ కొనేటప్పుడు గరిష్ఠ సామర్థ్యం ఒక్కటే కాకుండా కనిష్ఠ సామర్థ్యం ఎంతో స్పెసిఫికేషన్ షీటులో చూడండి. అది ఎంత తక్కువైతే రాత్రిళ్లు అంత నిలకడగా నడుస్తుంది. సీజన్ సామర్థ్యపు అంకెను (సీజన్ మొత్తంలో ఒక యూనిట్ కరెంటుకు ఎన్ని యూనిట్ల వేడిని తీసేస్తుందో చెప్పేది) పోల్చే పద్ధతి తేలికే: ఒకే కొలమానం మీద పాతది 3, కొత్తది 4.5 అయితే అదే చల్లదనానికి కరెంటు మూడో వంతు తగ్గుతుంది.

మార్చాలా, బాగుచేయించాలా? కెపాసిటర్, ఫ్యాన్ మోటారు, సెన్సార్ పోతే బాగుచేయించండి. ఆర్-22 యంత్రంలో కాయిల్ చిల్లుపడినా, పదేళ్లు దాటిన యంత్రంలో కంప్రెసర్ కాలినా మా సలహా మార్చేయమనే. పాత గొట్టాలను కొత్త యంత్రానికి వాడుకోవాలంటే వ్యాసం, గోడ మందం కొత్త మాన్యువల్‌తో సరిపోవాలి, లోపల కాలిన నూనె ఉండకూడదు. కాలిన కంప్రెసర్ గొట్టాలను మళ్లీ వాడవద్దు.

బిగించే రోజున దగ్గరుండి చూడాల్సినవి కొన్నే. సీలింగ్‌కు, ఇండోర్ యూనిట్‌కు మధ్య మాన్యువల్ చెప్పిన ఖాళీ, సాధారణంగా 15 సెంటీమీటర్లు. డ్రెయిన్ వైపు వాలు. రెండు గొట్టాలకూ విడివిడిగా ఇన్సులేషన్. వ్యాక్యూమ్ పంప్ తేకుండా గ్యాస్ కాస్త వదిలి గాలి తోసేస్తామంటే ఒప్పుకోకండి, గొట్టాల్లో మిగిలిన తేమ నూనెను పాడుచేస్తుంది. అన్నీ అయ్యాక పావుగంట పూర్తి వేగంలో నడిపించి గాలి తేడా, సక్షన్ పీడనం, ఆంపియర్లు, వ్యాక్యూమ్ ఆగిన అంకె, అదనంగా కలిపిన గ్రాములు, తేదీ ఒక కాగితం మీద రాయించి, కవరులో పెట్టి అవుట్‌డోర్ యూనిట్ మూత లోపలివైపు అతికించండి. రేపు వచ్చే టెక్నీషియన్ మూత తీయగానే చూడాల్సింది ఆ అంకెలనే.